కాలువ పక్క ఇంటికి టైల్స్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

టైల్స్ కొట్టుకి వెళ్లేముందు, నేలలోంచి తడి పైకి వస్తోందేమో చూడటానికి, మేము కొన్నవి ఒక ప్లాస్టిక్ పట్టా, ఒక వెడల్పాటి టేపు. పట్టాని 18 అంగుళాల చదరపు ముక్కలుగా కోసి, ప్రతి గదిలో నేల మీద ఒక ముక్క పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాం. మర్నాడు తీసి చూస్తే కొత్తగా కట్టిన హాలు, భోజనాల గది, వంటిల్లు పొడిగా ఉన్నాయి. కాలువ వైపు పడకగది పాత ఇంటి భాగం. అక్కడ పట్టా అడుగున నీటి బొట్లు కట్టాయి, గచ్చు నల్లబడి ఉంది. ఏ గదికి ఏ టైల్ అన్నది సగం ఆ రోజే తేలింది.

మా అమలాపురం చుట్టుపక్కల నేల అడుగున నీళ్లు ఎప్పుడూ దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు బావుల్లో మట్టం దిగుతుంది, కాలువలు వదిలి వానలు పడ్డాక పైకొస్తుంది. రాజోలు, అంతర్వేది, నరసాపురం దిక్కుకి వెళ్లేకొద్దీ ఆ నీళ్లలో ఉప్పు కూడా ఎక్కువ. తడి ఇటుకలోంచీ గచ్చులోంచీ పైకి పాకుతుంది, ఎక్కడ ఆరితే అక్కడ ఉప్పుని వదిలేస్తుంది. అందుకే ఈ పట్టా పరీక్ష మే నెలలో చేస్తే మోసపోతాం. మేము జులైలో చేశాం.

నేల కాంక్రీటు ఇంకా పొయ్యనివాళ్లకి తేలికైన దారి ఉంది, తడిని కిందే పట్టాతో ఆపేయడం. దానికి ముందు గదుల్లో ఏం నింపుతున్నామో చూసుకోవాలి. ఖర్చు కలిసొస్తుందని కొందరు పునాదికి తవ్విన నల్లమట్టినే గదుల్లోకి ఎత్తి పోసేస్తారు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన టైల్ పరిచినా జాయింట్లు విడిపోతాయి. బుసక (ఇసుక పాలు ఎక్కువున్న మట్టి) గానీ ఇసుక గానీ 9 అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరకీ నీళ్లు పట్టి దిమ్మిస కొట్టాలి. మా తాపీమేస్త్రి ఒకటే మాట అన్నారు: “ఆయ్, ముందు బుసక దిగనివ్వండి. టైల్స్ తర్వాత చూద్దురుగాని.” మూడు వారాలు నీళ్లు కట్టి వదిలితే మూలల్లో 2 అంగుళాలు దిగింది. అది సరిచేశాక 250 మైక్రాన్ల పట్టాని అతుకుల దగ్గర 6 అంగుళాలు ఒకదాని మీదకొకటి ఎక్కేలా పరిచి, పైన 4 అంగుళాల కాంక్రీటు వేశాం. కొత్త గదులు పొడిగా ఉన్నది ఆ పట్టా వల్లే. పాత గదికి అది లేదు.

ఇక రకాలు. మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో అధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి. రాజమండ్రిలో చూసినా భీమవరంలో చూసినా పెట్టె మీద పేరు మారుతుంది గానీ లోపలి సరుకు నాలుగైదు రకాలే. వాటిని విడదీసే మొదటి గీత, టైల్ ఎంత నీళ్లు తాగుతుంది అన్నది. గోడలకి వాడే సెరామిక్ తన బరువులో నూటికి 10 పాళ్లకి పైనే నీళ్లు పీలుస్తుంది. నేల సెరామిక్ సాధారణంగా 3 నుంచి 6 పాళ్లు. గాజులా గట్టిపడేదాకా కాల్చిన విట్రిఫైడ్ అయితే అర పాలు కూడా తాగదు. కొట్టువాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేకుండా దీన్ని మనమే తేల్చుకోవచ్చు. టైల్ వెనకవైపు రెండు చుక్కల నీళ్లు వేస్తే, సెరామిక్ అయితే నిమిషంలో ఇంకిపోయి మచ్చ పడుతుంది. విట్రిఫైడ్ మీద బొట్టు బొట్టులాగే నిలుస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే శాంపిల్ తెచ్చుకుని కాటా మీద తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచాలి. ఏడున్నర కేజీల 2×2 అడుగుల టైల్ 37 గ్రాములకి మించి పెరిగిందంటే అది విట్రిఫైడ్ కింద అమ్మాల్సిన సరుకు కాదు.

విట్రిఫైడ్‌లోనూ తేడాలున్నాయి. డబుల్ చార్జ్‌లో రెండు రంగుల మట్టిపొడి పొరలు కలిపి నొక్కుతారు. పై పొర 3, 4 మి.మీ. ఉంటుంది కాబట్టి గీత పడినా అడుగు రంగు బయటపడదు. డిజైన్లు తక్కువ, మెరుపు ఎక్కువ. జీవీటీ అంటే విట్రిఫైడ్ మట్టి మీద బొమ్మ అచ్చువేసి గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూసింది. చెక్కలా, రాయిలా, సిమెంటులా ఎలా కావాలంటే అలా దొరుకుతుంది. పైనున్న గ్లేజు మాత్రం పల్చన, మిల్లీమీటరు కూడా ఉండదు, పెచ్చు లేస్తే లోపలి మట్టి రంగు కనిపిస్తుంది. దాన్నే అద్దంలా పాలిష్ చేస్తే పీజీవీటీ. ఫుల్ బాడీలో పైనుంచి అడుగుదాకా ఒకటే రంగు. నానో అని చవగ్గా అమ్మేది, రంగు ఉప్పు ద్రావణాన్ని టైల్‌లోకి ఇంకించి పాలిష్ పట్టింది. పాలిష్ పడితే సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి, వాటిని ఒక పూతతో మూస్తారు. ఆ పూత అరిగాక పసుపు, నూనె, కుంకుమ అందులో దిగబడిపోతాయి. తీసుకునే ముందు మార్కర్ పెన్నుతో గీత గీసి, పది నిమిషాలాగి తడిగుడ్డతో, తర్వాత సబ్బుతో తుడిచి చూడండి. నీడ మిగిలితే దేవుడి గదికీ వంటింటికీ అది పనికిరాదు.

తాండూరు బండలూ ఆలోచనలో ఉండేవి. ఎండాకాలం కాళ్లకి చల్లగా ఉంటాయి, మన ఇళ్లకి పాత చుట్టరికం. కానీ తాండూరు, కడప బండలు రెండూ సున్నపురాయి జాతివి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి కాసేపు ఆగితే మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. మా పాత గది లాంటి తడి నేల మీద ఇంకో ఇబ్బంది: ఉప్పునీరు రాతి రంధ్రాల్లోకి ఎక్కి, అక్కడే గట్టిపడి, పైపొరని పెచ్చులుగా లేపుతుంది. గ్లేజు పూయని కాల్చిన మట్టి టైల్స్‌కీ ఇదే గతి. విట్రిఫైడ్‌లోంచి తడి పైకి రాలేదు, జాయింట్లలోంచే వస్తుంది. అంటే ఉప్పు వచ్చినా గీతల దగ్గరే వస్తుంది, టైల్ పాడవదు. తడి గదికి విట్రిఫైడ్ ఎంచుకోవడానికి నా లెక్కలో ఇదే పెద్ద కారణం.

చాలామంది అనుకునేదానికి ఇక్కడ నేను ఒప్పుకోను. జాయింట్లని ఎపాక్సీతో (నీళ్లు చొరని రసాయన జిగురుతో) గట్టిగా మూసేస్తే తడి ఆగిపోతుందంటారు. అడుగునున్న నీళ్లు దాంతో తగ్గవు. బయటికి దారి లేక గోడ మొదట్లోకి ఎక్కి, స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) పైన రంగు బుడగలు కట్టి రాలుతుంది. పాత గది జాయింట్లలో మేము సిమెంటు గ్రౌట్ (సందులు నింపే పొడి) వేశాం, కావాలనే. ఆ గదికి లేత గోధుమరంగు టైల్ ఎంచుకున్నదీ అందుకే, ముదురు రంగు మీద ఉప్పు పొడి దూరం నుంచే కనిపిస్తుంది.

మెరుపు సంగతికొస్తే, కొట్లో దీపాల కింద పీజీవీటీ ముందు ఇంకేదీ ఆనదు. ఇంట్లోకొచ్చాక మాత్రం లెక్క వేరు. వానాకాలమంతా తడికాళ్లతో లోపలికి వస్తాం. గాలిలో చెమ్మ ఎక్కువున్న పొద్దుటిపూటల్లో చల్లటి నేల తనంతట తానే చెమరుస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అది ప్రమాదం. రెండోది ఇసుక. పెరట్లోంచీ వీధిలోంచీ కాళ్లకి అంటుకొచ్చే ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, అది మామూలు గ్లేజు కంటే గట్టిది. మెరిసే నేల మీద గుమ్మం నుంచి మూడడుగుల మేర సన్నగీతలు పడి మసకబారేది దీనివల్లే. శాంపిల్ ముక్కల మీద మా వాకిట్లో ఇసుక చిటికెడు వేసి, చెప్పు అడుగుతో ఇరవైసార్లు రుద్ది, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాం. పీజీవీటీ మీద గీతలు తేలిపోయాయి. మెరుపు తక్కువుండే సాటిన్ మ్యాట్ జీవీటీ మీద వెతికితే గాని కనిపించలేదు. అలాగని మరీ గరుకు మ్యాట్ హాల్లో వేసుకోవద్దు. బురద గుంటల్లో కూర్చుని, తడిగుడ్డకి రాదు, బ్రష్షు పట్టాల్సొస్తుంది. అరచేత్తో రాస్తే నున్నగా ఉండి, ముఖం కనిపించనంత మెరుపుండేది లోపలి గదులకి సరిపోతుంది.

జారుడికి పెట్టెల మీద ఆర్‌9, ఆర్‌10, ఆర్‌11 అని ఉంటుంది. వాలు పలక మీద నూనె పోసి, బూట్లు వేసుకున్న మనిషి కాలు జారే కోణాన్ని బట్టి ఇచ్చే అంకె అది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. వరండాకి ఆర్‌10కి తగ్గకూడదు, వానజల్లు నేరుగా కొట్టేచోట ఆర్‌11 మేలు. స్నానాల గదిలో మనం ఉట్టికాళ్లతో తిరుగుతాం, సబ్బునీళ్లుంటాయి, కాబట్టి అక్కడ ఈ అంకె ఒక్కటే చాలదు. శాంపిల్‌ని పెరట్లో వాలుగా పెట్టి, సబ్బునీళ్లు పోసి, గోడ పట్టుకుని ఉట్టికాలు ఆనించి చూస్తే నిజం తెలుస్తుంది.

చివరికి మేము తేల్చుకున్నది ఇలా. హాలు, భోజనాల గది, రెండు పడకగదులు, దేవుడి గదికి 2×2 సాటిన్ మ్యాట్ జీవీటీ. వంటింటికి ఫుల్ బాడీ మ్యాట్, ఎందుకంటే గ్యాస్ బండ అడుగు రింగు తగిలి పెచ్చు లేచినా లోపలా అదే రంగు. స్నానాల గదుల గోడలకి 12×18 అంగుళాల సెరామిక్, నేలకి 12×12 అంగుళాల గరుకు టైల్. గోడ మీద ఎవరూ నడవరు, కాబట్టి అక్కడ విట్రిఫైడ్‌కి డబ్బు పోయక్కర్లేదు. పైగా సెరామిక్ తేలిక, నీళ్లు పీలుస్తుంది కాబట్టి గోడకి బాగా పట్టుకుంటుంది. వెనక వరండాకి 16×16 అంగుళాల పార్కింగ్ టైల్స్, అవి మందం ఎక్కువ. కొబ్బరికాయలు దింపిపోసేదీ, ధాన్యం బస్తాలు ఈడ్చేదీ అక్కడే. అయినా కాయ ఒలిచే గునపానికీ రోకటిపోటుకీ ఏ టైలూ తట్టుకోదు. ఆ మూల 3×3 అడుగుల మేర గ్రానైట్ బండ వేయించాం.

2×4 అడుగుల పెద్ద టైల్స్ ఎందుకు వద్దనుకున్నామో చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరూ అడిగేవి అవే. పెద్ద టైల్ పొడవునా నడిమి కొంచెం ఉబ్బుగా ఉండటం మామూలే. కొట్లో రెండు టైల్స్‌ని ముఖాముఖి ఆనించి అంచులు చూస్తే సందు కనిపిస్తుంది. అలాంటివాటిని ఇటుకల్లా సగానికి సగం మార్చి పరిస్తే ఒకదాని ఉబ్బు పక్కన ఇంకోదాని అంచు పడి, కాలికి మెట్టు తగులుతుంది. వేయాలనుకుంటే నేరుగా పరచాలి, లేదా మూడోవంతుకి మించి జరపకూడదు. సిమెంటు మాలు మీద కాకుండా టైల్స్ కోసం బస్తాల్లో అమ్మే గమ్‌తో అంటించాలి. కింద గచ్చు ముందే మట్టంగా ఉండాలి. ఇవన్నీ చేయగల టైల్స్ మేస్త్రి దొరికితే సరే. లేకపోతే 2×2 తో నేల చదునుగా వస్తుంది.

లెక్కలో జరిగే పొరపాటు పేరులోనే ఉంది. 2×2 అంటే 4 చదరపు అడుగులు కాదు. టైల్ కొలత 600 మి.మీ., అంటే 23.6 అంగుళాలు, విస్తీర్ణం 3.875 చదరపు అడుగులు. పెట్టెలో 4 టైల్స్ కాబట్టి 15.5 చదరపు అడుగులు, 16 కాదు. మా గదుల కొలతలు: హాలు 20×14, భోజనాల గది 12×10, పడకగదులు 12×12, 12×11, దేవుడి గది 5×4. మొత్తం 696 చదరపు అడుగులు. స్కర్టింగ్‌కి చుట్టుకొలత 224 అడుగులు, గుమ్మాలు పోను 189. ఒక టైల్‌ని ఆరు పట్టీలుగా కోస్తే ఒక్కోటి 4 అంగుళాలకి రవ్వంత తక్కువ ఎత్తు, అన్నీ కలిపి 11.8 అడుగుల పొడవు. అంటే 16 టైల్స్, 62 చదరపు అడుగులు. రెండూ కలిపి 758. తరుగు 7 శాతం వేస్తే 811. దాన్ని 15.5 తో భాగిస్తే 53 పెట్టెలు. 16 తో భాగించినవాళ్లకి 51 వస్తుంది, చివరి గదిలో రెండు పెట్టెలు తక్కువపడతాయి. మళ్లీ తెచ్చిన పెట్టెలు వేరే బ్యాచ్‌వి అయితే రంగు నీడ మారుతుంది, కొలత కూడా మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. మేము 55 తెచ్చాం, రెండు తర్వాతి మరమ్మతులకి. ధర అడిగేటప్పుడు కూడా పెట్టె లెక్కా అడుగు లెక్కా విడదీసి అడగండి. చదరపు అడుగు 50 రూపాయలంటే పెట్టె 775 కావాలి. 800 వేశారంటే 16 అడుగుల లెక్క కట్టినట్టు.

స్నానాల గది 8×5 అడుగులు. చుట్టుకొలత 26, ఎత్తు 7, తలుపు పోను గోడ 164.5 చదరపు అడుగులు, రెండింటికీ 329. 12×18 పెట్టెలో సాధారణంగా 6 టైల్స్, 8.7 చదరపు అడుగులు. తరుగు 10 శాతంతో 42 పెట్టెలు. ఈ టైల్‌ని అడ్డంగా పరిస్తే ఏడు వరసలకి 6 అడుగుల 11 అంగుళాలు వస్తుంది, ద్వారబంధం పైమట్టానికి దాదాపు సరిపోయి కోత తప్పుతుంది. నిలువుగా పరిస్తే పై వరస కోసి పారేయాలి. నేలకి చిన్న 12×12 టైల్ ఎందుకంటే వాలు కోసం. 8 అడుగుల పొడవుకి నీళ్ల జాలీ దగ్గర 1¼ అంగుళం దిగాలి, అదీ నాలుగు వైపుల నుంచీ. పెద్ద టైల్ నాలుగు వైపులా వంగదు. కోసి అతుకులు పెట్టాలి, లేదా నీళ్లు మూలలో నిలుస్తాయి.

సరుకు దిగినప్పుడు మేస్త్రి రాకముందే పెట్టెలన్నీ చూసుకోవాలి. షేడ్ నెంబరు, బ్యాచ్ నెంబరు ప్రతి పెట్టె మీదా ఒకటే ఉండాలి. మాకు వచ్చినవాటిలో నాలుగు పెట్టెల షేడ్ వేరు. పరచకముందు కాబట్టి కొట్టువాళ్లు మార్చి ఇచ్చారు. ఒక్క టైల్ కోసినా తిరిగి తీసుకోరు. పెట్టె 28 నుంచి 30 కేజీలు, 55 అంటే టన్నున్నర పైమాట. మేడమీద పని అయితే స్లాబు మధ్యలో కుప్ప పెట్టకుండా గోడల వెంట పేర్చండి. పెట్టెలు అంచు మీద నిలబెట్టాలి, పడుకోబెడితే అడుగువి విరుగుతాయి.

పరిచే ముందు ఏడెనిమిది పెట్టెల్లోంచి కలిపి తీసి, నాలుగేసి టైల్స్‌ని స్పేసర్ (సందు కోసం మధ్యలో పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క) లేకుండా దగ్గరికి చేర్చి చూడాలి. మూలలు కలిసే చోట సందు రాకపోతే కొలత బాగున్నట్టు. జాయింటు లేకుండా అంటించేయమని కొందరు అడుగుతారు, గీత కనబడకూడదని. వద్దు. ఎండకి టైలూ కాంక్రీటూ సాగుతాయి, చోటు లేకపోతే నడిమి వరస ఒకరోజు చప్పుడు చేస్తూ గుడారంలా పైకి లేస్తుంది. 2 మి.మీ. స్పేసర్ పెట్టాలి. గోడ పొడవునా 6 మి.మీ. ఖాళీ వదిలితే స్కర్టింగ్ కింద అది కనిపించదు. ఆ ఖాళీలో మాలు పడకుండా చూడటమే అసలు పని. సాయంత్రం మేస్త్రి వెళ్లేముందు సన్నటి పుల్లతో గీకించేవాళ్లం.

మాలు 1:6 (సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు), అంగుళంన్నర మందం. మా 696 చదరపు అడుగులకి 13 బస్తాల సిమెంటు, రమారమి వంద ఘనపుటడుగుల ఇసుక పట్టింది. టైల్ కింద పోసే సిమెంటు పాలకి విడిగా నాలుగైదు బస్తాలు. ఇసుక గోదావరిది కావాలి, జల్లించాలి. సముద్రపు పాయ దగ్గర తవ్విన ఇసుక, ఉప్పు బోరు నీళ్లు ఈ పనికి వాడితే, కింద పట్టా వేసినా ఉప్పుని మనమే లోపల పెట్టి మూసినట్టవుతుంది. నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలాయంటే ట్యాంకరు తెప్పించుకోవడమే. మాలు, టైల్ కలిపి దాదాపు 2 అంగుళాలు లేస్తుంది, తలుపు రెక్కల అడుగు కొలత ముందే చూసుకోండి.

నేల మీద 2×2 విట్రిఫైడ్‌ని మాలు మీద సిమెంటు పాలు పోసి పరవొచ్చు, దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. గోడకి మాత్రం విట్రిఫైడ్‌ని సిమెంటుతో అంటించకూడదు. అది నీళ్లు పీల్చదు కాబట్టి సిమెంటు దానిలోకి పాతుకోదు, కొన్నాళ్లకి పలక పలకే ఊడొస్తుంది. గోడకి సెరామిక్ అయినా మేము గమ్‌తోనే వేయించాం. గమ్‌కి ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది, బస్తా మీద టైప్ రాసి ఉంటుంది. గోడ సెరామిక్‌కి టైప్ 1 చాలు, విట్రిఫైడ్‌కి టైప్ 2. 20 కేజీల బస్తా 3 మి.మీ. మందంతో 45 చదరపు అడుగుల దాకా వస్తుంది, రెండు స్నానాల గదులకీ 8 బస్తాలు. పళ్లున్న తాపీతో గోడంతా ఒకే దిక్కుగా గీసి అంటించాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కేయడం ఇక్కడ చాలాచోట్ల కనిపించే అలవాటు. నడిమి డొల్లగా ఉండిపోతుంది, సందుల్లోంచి దిగిన నీళ్లు అందులో చేరతాయి, మేకు కొడితే పగులుతుంది. ప్రతి పది టైల్స్‌కీ ఒకదాన్ని వెంటనే ఊడదీయించి వెనకవైపు చూడండి. గమ్ అంతటా అంటుకుని ఉండాలి. ఆరాక రూపాయి బిళ్లతో తట్టినా డొల్ల శబ్దం తెలుస్తుంది. నేల మీద 180 టైల్స్‌లో మాకు 5 డొల్ల పలికాయి, గ్రౌట్ పెట్టకముందే తీయించి మళ్లీ వేయించాం.

సెరామిక్‌ని సిమెంటుతో వేసేవాళ్లు బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే అది సిమెంటులో నీళ్లు తాగేసి పట్టు పోతుంది. విట్రిఫైడ్‌ని నానబెట్టినా ఒరిగేదేమీ లేదు. గమ్‌తో వేసేది ఏదైనా పొడిగానే ఉండాలి, వెనకనున్న తెల్ల పొడి తుడవాలి. గ్రౌట్ మర్నాడు పెట్టాలి. 2×2 కి 2 మి.మీ. జాయింటు అయితే చదరపు మీటరుకి వంద గ్రాముల లోపే, వంటిల్లు కలుపుకుని మాకు 7 కేజీలు అయింది. స్నానాల గదుల్లో, వంటగట్టు వెనక ఎపాక్సీ వేయించాం. ఖరీదు సిమెంటు గ్రౌట్‌కి కొన్ని రెట్లు, కానీ బాత్‌రూం యాసిడ్‌కి సిమెంటు గ్రౌట్ కరిగి గుంటలు పడుతుంది, ఎపాక్సీకి అది జరగదు. అరగంట ముప్పావుగంట లోపు టైల్ మీద అంటినదాన్ని తుడిచేయకపోతే పొరలా గట్టిపడిపోతుంది, అందుకే కొంచెం కొంచెమే కలపమనాలి.

ముందు వాకిలంతా పార్కింగ్ టైల్స్ పరిచేయమని అందరూ అన్నారు. బండి నిలిపే మేర పరిచి, గేటు ముందు నాలుగడుగుల వెడల్పు మట్టి వదిలాం. కళ్లాపి టైల్ మీద నిలవదు, పొద్దుటి ముగ్గు కాళ్లకి అంటుకుపోతుంది. వానకి వాకిట్లో పడిన నీళ్లు ఇంకడానికీ ఆ మట్టే దిక్కు.

ఒక వానాకాలం గడిచాక చూస్తే కొత్త గదుల్లో జాయింట్లు పెట్టినట్టే ఉన్నాయి. పాత పడకగదిలో కాలువ వైపు గోడ నుంచి మూడు వరసల దాకా గీతల మీద తెల్లగా ఉప్పు పొడి లేచింది. దాన్ని తడిగుడ్డతో తుడవకూడదు, కరిగి మళ్లీ లోపలికే దిగుతుంది. యాసిడ్ అసలు వాడకూడదు. పొడి బ్రష్షుతో రాల్చి, చేటలోకి ఎత్తి బయట పారబోయాలి. వానలున్నన్నాళ్లు వారానికోసారి చేస్తున్నాం, సంక్రాంతి నాటికి తగ్గుముఖం పట్టింది. ఆ గదిలో మళ్లీ టైల్స్ వేసే పనుంటే ముందు పాత గచ్చు తవ్వించి, కింద పట్టా పరిపిస్తాను. మిగిలిన రెండు పెట్టెలు మెట్ల కింద అంచు మీద నిలబెట్టి ఉన్నాయి, షేడ్, బ్యాచ్ నెంబర్లున్న అట్టముక్క కత్తిరించి ఇంటి కాగితాల్లో పెట్టాం.